స్టీల్ గిటార్ వాయించింది ఎవరు? పాటల డేటా చూసే తెలుగువాళ్లకు ఒక బహిరంగ లేఖ

రికార్డు కంపెనీల్లోనూ స్ట్రీమింగ్ యాప్‌లలోనూ పాటల డేటా పని చేస్తున్న తెలుగువాళ్లందరికీ,

నమస్తే.

మీరున్నారని నాకు తెలుసు. ఇక్కడ అమెరికాలోని నాష్‌విల్‌లో ఆదివారం వినాయకుడి గుడికి వెళ్లి పులిహోర లైన్లో నిలబడితే ముందువాళ్లూ వెనకవాళ్లూ మాట్లాడుకునేది సర్వర్ల గురించే. నేనూ ఆ లైన్లో మనిషినే. ఈ ఊరికి పేరు తెచ్చింది సంగీతమే అయినా ఎక్కువమందికి అన్నం పెట్టేది ఆసుపత్రుల వ్యాపారం. నాది కూడా ఆసుపత్రి బిల్లుల డేటా. పాత కంట్రీ పాటల (అమెరికా పల్లెల్లో పుట్టిన సంగీతం) పిచ్చి మాత్రం ఇక్కడికి వచ్చాకే పట్టుకుంది.

ఈ ఉత్తరం ఇంగ్లీషులో కంపెనీ పెద్దలకు రాయాలి కదా అంటారేమో. రాశాను. ఒక యాప్‌లో (పేరెందుకులెండి) ఒక పాట కింద స్టీల్ గిటార్ వాయించినవారి పేరు తప్పు పడిందని ఆధారాలతో సహా పంపాను. మీ అభిప్రాయం మాకెంతో విలువైనది అని నిమిషంలో జవాబొచ్చింది. ఏడాది దాటింది, తప్పు తప్పుగానే ఉంది. నా ఫిర్యాదు టికెట్ ఏ బ్యాక్‌లాగ్ (ఇంకా ముట్టని పనుల జాబితా) అడుగునో పడి ఉంటుంది. దాన్ని పైకి లాగగలిగింది మీలాంటి వాళ్లే. అందుకే మీకు, మన భాషలో రాస్తున్నాను.

కంట్రీ సంగీతం వినని వాళ్ల కోసం ముందు వాయిద్యం గురించి రెండు మాటలు. గోటువాద్యం ఎప్పుడైనా విన్నారా? మెట్ల మీద వేలు పెట్టి నొక్కకుండా, తీగల మీద నున్నటి కడ్డీ జారుస్తూ వాయిస్తారు. స్టీల్ గిటార్ కూడా అంతే. ఒడిలోనో, కాళ్లున్న స్టాండు మీదో గిటార్‌ను వెల్లకిలా పెట్టి, ఎడమ చేత్తో ఉక్కు కడ్డీ జారుస్తారు, కుడి చేతి వేళ్లతో మీటుతారు. స్వరం నుంచి స్వరానికి జారుతూ పోతుంది కాబట్టి ఏడుపు దానికి బాగా పలుకుతుంది. పుట్టిల్లు హవాయి. పందొమ్మిదో శతాబ్దం చివర్లో జోసెఫ్ కెకుకు అనే కుర్రవాడు ఈ పద్ధతిని పట్టుకున్నాడని చెబుతారు. 1915లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన పెద్ద ఎగ్జిబిషన్‌తో అమెరికా అంతా ఆ మోజులో పడింది. కంట్రీ గాయకులు దాన్ని తెచ్చుకుని పక్కన కూర్చోబెట్టుకున్నారు, ఇక వదల్లేదు. పాత కంట్రీ పాటలో గొంతు ఆగిన చోట రెండో గొంతులా పలికేది ఇదే.

ఆ రెండో గొంతు ఎవరిదో రికార్డు మీద ఉండదు. లేబుల్ మీద గాయకుడి పేరు, పాట రాసినవారి పేరు, పబ్లిషరు, నంబరు ఉంటాయి, అంతే. మన పాత గ్రామఫోను ప్లేట్ల మీద మాత్రం ఏముండేది? సినిమా పేరు, పాడినవాళ్ల పేర్లు, సంగీత దర్శకుడి పేరు. వీణ వాయించిన చెయ్యి ఎవరిదో ఇంట్లో ఎవరూ అడిగిన గుర్తు లేదు నాకు. నాష్‌విల్‌లో లెక్క ఇంకా సూటిగా ఉండేది. మూడు గంటల సెషన్ (స్టూడియోలో రికార్డింగు), అందులో నాలుగు పాటలు అయితే సంతోషం, చెక్కు తీసుకుని ఇంటికి. మళ్లీ సాయంత్రం ఇంకో గాయకుడికి ఇంకో సెషన్.

పెద్ద పేర్లకే దిక్కు లేదు. 1930 జులై 16న కంట్రీ గాయకుడు జిమ్మీ రాడ్జర్స్ పాడిన 'బ్లూ యోడెల్ నంబర్ 9'లో ట్రంపెట్ వాయించింది జాజ్ దిగ్గజం లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్, పియానో ఆయన భార్య లిల్. లేబుల్ మీద ఇద్దరూ లేరు. ఆర్మ్‌స్ట్రాంగ్ అంతటివాడు కాబట్టి ఆ సంగతి నిలబడింది. బ్యాండ్ నాయకుడు బాబ్ విల్స్‌కు మాత్రం ఒక మంచి అలవాటుండేది. పాట నడుస్తుండగానే వాయించేవాళ్లను పేరు పెట్టి కేకేసేవాడు. 1936లో చేసిన 'స్టీల్ గిటార్ రాగ్' వినండి, లియోన్ అని పిలవడం చెవిన పడుతుంది. ఆ లియోన్ ఇంటిపేరు మెకాలిఫ్. లేబుల్ చెప్పని పేరు ప్లేటు గాడుల్లోనే గీసి ఉండిపోయింది. అలా పేర్లు పిలవని గాయకుల వెనక వాయించినవాళ్లకు ఆ అదృష్టం లేదు.

ఇక నా టికెట్‌లోని పాట. కంట్రీ గాయకుడు హ్యాంక్ విలియమ్స్ 'లవ్‌సిక్ బ్లూస్'. హ్యాంక్ అనగానే స్టీల్ గిటార్ డాన్ హెల్మ్స్ అని కంట్రీ వినేవాళ్లు నిద్రలో లేపి అడిగినా చెబుతారు. అది అబద్ధమేం కాదు. హ్యాంక్ పాటలు వందకు పైగా ఆయన చేతి మీద నడిచాయి. 1952 సెప్టెంబరులో చేసిన 'యువర్ చీటిన్ హార్ట్' మొదట్లో కత్తిలా దూసుకొచ్చే స్టీల్ గిటార్ ఆయనదే. కానీ 'లవ్‌సిక్ బ్లూస్' రికార్డు చేసిన రోజున హెల్మ్స్ ఆ గదిలో లేరు. ఆ సెషన్ 1948 డిసెంబర్ 22న, నాష్‌విల్‌లో కూడా కాదు, ఒహాయో రాష్ట్రంలోని సిన్సినాటిలో, హెర్జోగ్ స్టూడియోలో జరిగింది. వాయించింది అక్కడి సెషన్ బృందం. స్టీల్ గిటార్ జెర్రీ బర్డ్. 1949 ఆగస్టు 30న హ్యాంక్ మళ్లీ అదే స్టూడియోకు వెళ్లి 'ఐయామ్ సో లోన్సమ్ ఐ కుడ్ క్రై' పాడారు. అందులోనూ జెర్రీ బర్డే.

మరి లేబుల్ ఏమంటుంది? హ్యాంక్ విలియమ్స్, ఆయన డ్రిఫ్టింగ్ కౌబాయ్స్ బృందం అంటుంది. డ్రిఫ్టింగ్ కౌబాయ్స్ అంటే హెల్మ్స్ కదా అని ఎవరో మంచి మనసుతోనే డేటాబేసులో ఆ గడి నింపేస్తారు. లేబుల్ మీద ఉన్న బ్యాండ్ పేరు అమ్మకానికి వేసిన పేరు, ఆ రోజు హాజరు పట్టీ కాదు. ఊరూరా తిరిగి కచేరీలు చేసే బ్యాండ్ వేరు, స్టూడియోలో కూర్చునే బృందం వేరు కావడం అప్పట్లో మామూలే. అట్ట మీద ఫొటోలో స్టీల్ గిటార్ ముందు నవ్వుతూ కూర్చున్నాయన లోపల ప్లేటులో ఒక్క స్వరం కూడా వాయించకపోయి ఉండొచ్చు.

గాయకుడిని బట్టి ఊహించడం ఎంత ప్రమాదమో ప్యాట్సీ క్లైన్ పాటల్లో చూడండి. 1956లో 'వాకిన్ ఆఫ్టర్ మిడ్‌నైట్'కు స్టీల్ గిటార్ డాన్ హెల్మ్స్. 1960లో 'ఐ ఫాల్ టు పీసెస్'కు బెన్ కీత్. 1961లో 'క్రేజీ'కి వాల్టర్ హేన్స్. గాయని ఒకరే. చేతులు మాత్రం మూడు. బెన్ కీత్ తర్వాత రాక్ గాయకుడు నీల్ యంగ్ దగ్గర ఏళ్ల తరబడి వాయించి అక్కడ పేరు తెచ్చుకున్నారు కాబట్టి ఆయన కథ తేలింది.

చెవితో పట్టేయొచ్చు కదా అని వాదించే మిత్రులు నాకున్నారు. నేనూ ఒకప్పుడు ఆ బాపతే. చెవి చాలా చెబుతుంది, కాదనను. 1953 చివర్లో రికార్డు చేసి 1954లో విడుదలైన వెబ్ పియర్స్ 'స్లోలీ'లో బడ్ ఐజాక్స్ ఒక పని చేశారు. తీగ మోగుతుండగానే కాలితో పెడల్ తొక్కారు. కడ్డీ కదలకుండానే స్వరం లోపల్నుంచి వంగి పైకి లేచింది. పెడల్స్ అంతకుముందూ ఉన్నాయి, ట్యూనింగ్ మార్చుకోవడానికి వాడేవాళ్లు, కానీ ఆ వంపును వినిపించడం అప్పటికి కొత్త. పాట బిల్‌బోర్డ్ పత్రిక కంట్రీ పాటల జాబితాలో 17 వారాలు మొదటి స్థానంలో కూర్చుంది. దేశంలో స్టీల్ గిటార్ ఉన్నవాళ్లంతా దానికి పెడల్ పెట్టించుకోవడానికి పరుగెత్తారు. 1956లో బడ్డీ ఎమన్స్ ఆ పెడల్ పనిని రెండుగా విడగొట్టి, రెండు తీగలను విడివిడిగా వంచే వీలు చేశారు. కాబట్టి ఒక పాటలో ఆ రెండు కదలికలూ వేరువేరుగా వినబడితే అది 1956కు ముందుది కాదని దాదాపు ధైర్యంగా చెప్పొచ్చు.

దాంతో పాట కాలం తెలుస్తుంది. మనిషి తేలడు. ఎందుకంటే 'స్లోలీ' తర్వాత అందరూ బడ్ ఐజాక్స్‌లా వాయించాలనే చూశారు, వాయించమని నిర్మాతలూ అడిగారు. సెషన్‌కు వచ్చేవాడి గొప్పే అది. ఎవరిలా కావాలంటే వాళ్లలా పలికించగలగాలి. పీట్ డ్రేక్‌ను చూడండి. 1968లో ట్యామీ వైనెట్ 'స్టాండ్ బై యువర్ మ్యాన్', మరుసటేడు బాబ్ డిలన్ 'లే లేడీ లే', ఆ తర్వాత జార్జ్ హ్యారిసన్ ఆల్బమ్. తెలియకుండా వింటే మూడూ ఒకే మనిషివని నేనైతే పట్టుకోలేను. జెర్రీ బర్డ్ మాత్రం పెడల్స్ జోలికి పోనని మొండికేశారు. నాష్‌విల్ మారిపోయింది, ఆయన మారలేదు, 1972లో ఆ వాయిద్యం పుట్టిన హవాయికే వెళ్లిపోయి అక్కడి పిల్లలకు నేర్పారు. ఆయన కడ్డీ వణుకు ఒకసారి చెవిలో పడితే మర్చిపోలేం. అయినా నా చెవిని సాక్షిగా నిలబెట్టి ఆయన పేరు రాయమని మిమ్మల్ని అడగను.

అడిగేది కాగితాన్ని బట్టి రాయమని. కాగితం ఉంది. నాష్‌విల్ సంగీతకారుల యూనియన్, లోకల్ 257 అనే శాఖ. సెషన్ జరిగితే దానికి ఒక కాంట్రాక్టు దాఖలయ్యేది. అందులో తేదీ, స్టూడియో, ఏ గంట నుంచి ఏ గంట దాకా, పాటల పేర్లు, మాస్టర్ నంబర్లు (ఒక్కో రికార్డింగుకు కంపెనీ ఇచ్చే నంబరు), వాయించినవాళ్ల పేర్లు, ఎవరికెంత. ఆ సెషన్‌కు లీడరుగా ఉన్నాయనకు రెట్టింపు కూలి. చూడ్డానికి మా ఆసుపత్రి బిల్లులాగే ఉంటుంది, అందుకేనేమో నాకది ముద్దు. డబ్బు కోసం రాసిన కాగితం కాబట్టి గొప్పలు చెప్పుకోవడానికి రాసిన కాగితం కంటే నమ్మకం. కంపెనీల సొంత సెషన్ షీట్లు, లెడ్జర్లు వేరే ఉన్నాయి. వీటిని ముందేసుకుని జర్మనీలో 1975లో పుట్టిన బేర్ ఫ్యామిలీ అనే కంపెనీ పాత గాయకుల బాక్స్ సెట్లకు సెషన్ సెషన్‌గా పేర్లు అచ్చేసింది. కాలిఫోర్నియా యూనివర్సిటీ శాంటా బార్బరా క్యాంపస్ వాళ్లు విక్టర్, కొలంబియా, డెక్కా లాంటి పాత కంపెనీల రికార్డింగ్ వివరాలను ఆన్‌లైన్ డేటాబేసుగా పెట్టారు, ఎవరైనా చూడొచ్చు. పరాయివాళ్లు ఇంత చేస్తే, ఆ రికార్డుల మీద హక్కులున్న ఇంట్లో కూర్చున్న డేటాబేసులో ఆ గడి ఖాళీగా ఉండటమే నాకు మింగుడుపడదు.

కాగితం కూడా దేవుడు కాదు. తర్వాత వచ్చి మీద వాయించిన వాళ్లది వేరే కాంట్రాక్టు, అది ఇంకో ఫైల్లో ఉంటుంది. చిన్న లేబుళ్లు చేతికి డబ్బిచ్చి పంపేస్తే అసలు కాగితమే లేదు. పేర్ల స్పెల్లింగులు టైపు కొట్టినవాళ్ల ఇష్టం. 2008 జూన్ 1న హాలీవుడ్‌లో యూనివర్సల్ స్టూడియోస్ ఆవరణలో మాస్టర్ టేపులు (అసలు రికార్డింగు టేపులు) ఉన్న గిడ్డంగి కాలిపోయింది. ఎన్ని పోయాయన్న దాని మీద గొడవ ఉంది కానీ, టేపు పెట్టె మీద పెన్సిల్‌తో రాసుకున్న నాలుగు పేర్లు కూడా టేపుతోపాటే కాలతాయన్నదాంట్లో గొడవ లేదు.

మీరు జాగ్రత్త పడాల్సిన చిక్కు ఇంకొకటుంది. ఒకే పాట, ఒకే గొంతు, రెండు రికార్డింగులు. హ్యాంక్ విలియమ్స్ 1953 జనవరి 1న పోయాక కంపెనీ ఆయన పాత టేపుల మీద కొత్తగా వాయిద్యాలు ఎక్కించింది, 1960లలో వయొలిన్ల గుంపును కూడా ఎక్కించి అమ్మింది. ఇంకొందరు గాయకులు తమ హిట్లనే ఏళ్ల తర్వాత వేరే కంపెనీకి మళ్లీ పాడి ఇచ్చారు. పాట పేరు, గాయకుడి పేరు కలిశాయని రెండు వరుసలను కలిపేస్తే మొదటిదాంట్లో వాయించినాయన పేరు రెండోదానికి అతుక్కుంటుంది. డూప్లికేట్లు తీసేసే స్క్రిప్టు రాసేది మీరే కదా. నిడివిలో మూడు సెకన్ల తేడా ఉంటే ఒక్కసారి ఆగి వినండి.

ఈపాటికి మీ స్టాండప్‌లో (రోజువారీ మీటింగులో) ఎవరో ఒకరు అనే ఉంటారు, ఏఐకి వినిపిస్తే అదే గుర్తుపట్టి గడులన్నీ నింపేస్తుంది కదా అని. ఏం వినిపించి నేర్పిస్తారు? ఇప్పుడున్న డేటానే కదా. అందులో 'లవ్‌సిక్ బ్లూస్' కింద హెల్మ్స్ అని ఉంటే జెర్రీ బర్డ్ చెయ్యి హెల్మ్స్ చెయ్యని అది నేర్చుకుంటుంది. ఆ తర్వాత జెర్రీ బర్డ్ పేరు సరిగ్గా ఉన్న చోట కూడా ఇది అనుమానం అని మనకే జెండా ఊపుతుంది. వెతకడానికి సాయం తీసుకోండి, తప్పులేదు. గడిలో రాయడానికి మాత్రం వద్దు.

పేరు కోసం ఇంత రాద్ధాంతమా అనుకునేవాళ్లకు డబ్బు లెక్క చెబుతాను. అమెరికాలో శాటిలైట్ రేడియోలో, ఇంటర్నెట్ రేడియోలో పాట మోగితే వచ్చే డిజిటల్ రాయల్టీలో 50 శాతం రికార్డు హక్కుదారుకు, 45 శాతం ముఖ్య కళాకారుడికి పోతుంది. మిగిలిన 5లో రెండున్నర వెనక వాయించినవాళ్లకు, రెండున్నర వెనక పాడినవాళ్లకు. (మనకు కావలసిన పాట మనమే ఎంచుకుని వినే యాప్‌ల లెక్క వేరు, దాన్ని దీంతో కలపకండి.) 1972 ఫిబ్రవరి 15కు ముందు రికార్డులకు 2018లో వచ్చిన మ్యూజిక్ మోడర్నైజేషన్ చట్టంతో ఈ వాటా వర్తించింది. ఆ రెండున్నర శాతాలను పంచడానికి సంగీతకారుల యూనియన్, గాయకుల యూనియన్ కలిసి నడిపే ఫండ్ ఉంది. పేరు తెలిస్తే వెతుకుతారు, మనిషి లేకపోతే వారసులకిస్తారు. పేరే తెలియకపోతే ఎవరిని వెతకాలి? తప్పు పేరు ఉంటే ఇంకా ఘోరం, వెతికి మరీ వేరే ఇంటికి ఇస్తారు.

జెర్రీ బర్డ్ 2005లో పోయారు, డాన్ హెల్మ్స్ 2008లో. ఆ చట్టాన్ని ఇద్దరూ చూడలేదు. 1949లో విడుదలైన 'లవ్‌సిక్ బ్లూస్' మీద హక్కులు మాత్రం 2059 చివరి దాకా నడుస్తాయి. అప్పటికి నేనుండను, మీలో సగం మంది రిటైరై ఉంటారు. ఇప్పుడు మీరు నింపిన గడి అప్పటికీ ఉంటుంది.

అందుకని నేను కోరేది ఇది. వాయించినవారి పేరు, వాయిద్యం పేరు రాసే చోట పక్కనే ఇంకో గడి పెట్టండి, ఆ పేరు ఎక్కడిదని. యూనియన్ కాంట్రాక్టా, కంపెనీ లెడ్జరా, వాయించినాయన స్వయంగా చెప్పిందా, ఎవరి చెవో చెప్పిందా. ఆసుపత్రి బిల్లులో ఏ డాక్టరు రాశారో లేని ఒక్క లైను కూడా మేం పాస్ చేయం. మందు బిళ్లకు ఉన్న మర్యాద మనిషి పేరుకు ఉండకూడదా? ఆధారం లేకపోతే 'తెలియదు' అని, వినేవాళ్లకు కనబడేలా రాయండి. ఇప్పుడు చేస్తున్నట్టు ఆ లైనునే మాయం చేస్తే అక్కడొక మనిషి ఉన్నాడన్న సంగతే పోతుంది. స్టీల్ గిటార్, తెలియదు అని కనబడితే ఏ మనవరాలో చూసి తాతయ్య డైరీ అటక మీంచి దించుతుంది. ఈ సెషన్ మనుషుల్లో చాలామంది ఏ రోజు ఏ స్టూడియో, ఎవరి పాట, ఎంత వచ్చింది అని చిన్న పుస్తకాల్లో రాసుకునేవాళ్లే. ఆవిడ పంపిన ఫొటోను చదవడానికి మీ దగ్గర ఒక మనిషి ఉండాలి, ఆటోమేటిక్ జవాబు కాదు.

మేనేజరు ఒప్పుకోడు, రోడ్‌మ్యాప్‌లో లేదు అంటారని తెలుసు. నాకూ మేనేజరున్నాడు. మొత్తం కేటలాగు ఈ స్ప్రింట్‌లోనే (ఈ విడత పనిలోనే) బాగుచేయమని అడగట్లేదు. నా పాత టికెట్ ఒక్కటి తెరవండి. ఆధారాలన్నీ దానికే జత చేసి ఉన్నాయి. మార్చాల్సింది ఒక్క వరుస.

లవ్‌సిక్ బ్లూస్. హ్యాంక్ విలియమ్స్. 1948 డిసెంబర్ 22, హెర్జోగ్ స్టూడియో, సిన్సినాటి. స్టీల్ గిటార్: జెర్రీ బర్డ్.

ఇట్లు,
నాష్‌విల్ నుంచి
ఒక ఆసుపత్రి బిల్లుల మనిషి